నాలుగూ పన్నెండు బస్సును డోరీన్ మెట్కాఫ్ నిలిపిన గాథ

వినుడు, ఓ కాలినడకవారలారా! బస్సు మలుపు తిరిగి మాయమగుచుండగా దాని వెనుక అద్దమునకు చేయెత్తినవారలారా, ఎత్తిన చేయి దించుటకు సిగ్గుపడి ఆ చేతితోనే తల గోకికొన్నవారలారా, ఈ గాథ మీది. ఇందు రక్తపాతము లేదు. ఒక మడమపై బొబ్బ కలదు.

యార్క్‌షైర్ సీమయందు, రాతిగోడలు కొండలను గళ్లదుప్పటులుగా కోయుచోట, మే నెల పదునాలుగవ తేదీన, గురువారమున, మధ్యాహ్నము మూడు గంటల నలుబదియారు నిమిషములకు, పడమటి గాలి టోపీలను పరీక్షించుచుండగా, గొఱ్ఱెలు తల యెత్తక మేయుచుండగా, ఆకాశము కురియుదునా మానుదునా యని తర్కించుచుండగా, కోల్డ్‌రిగ్ అను కొండకొమ్మున, యష్టిద్వయధారిణి, పంకిలపాదరక్ష, అష్టసహచరపరివేష్టిత, థర్మాస్‌కలశసనాథ, గురువారపు పాదచారుల సంఘమునకు ఆనాటి సేనాని డోరీన్ మెట్కాఫ్ నిలిచెను.

ఆమె వయస్సు అరువదియెనిమిది. ముప్పదియొక్క సంవత్సరములు బడి వంటశాలలో రోజునకు రెండువందల నలుబదిమందికి బంగాళాదుంపలు చిదిమినది. ఆ భుజములను గూర్చి ఇంతకంటె చెప్పనవసరము లేదు.

క్రింద లోయలో గ్రెట్‌బెక్ అను పల్లె. పల్లె చివర బస్సు షెల్టరు. ఆ షెల్టరు కడకు నాలుగు గంటల పన్నెండు నిమిషములకు ఆనాటి చివరి బస్సు వచ్చును. దాని తరువాతి బస్సు శుక్రవారము ఉదయమునది.

"టైమెంతయింది డోరీన్?" అని బ్రెండా అడిగెను. డోరీన్‌కు నలుబది యేండ్ల స్నేహితురాలు. బొబ్బ ఈమెదే.

"ఇంకా ఇరవయ్యారు నిమిషాలుంది."

"అయితే కూచుని ఓ కప్పు టీ తాగొచ్చు."

"కదులు బ్రెండా."

ఇంత తొందర యేల? ఇందుకు కారణము చెప్పవలెనన్న ఫిబ్రవరి నెలకు, చర్చి హాలు వెనుక గదికి, సంఘ కార్యవర్గ సమావేశమునకు పోవలెను.

అంతకు నాలుగు నెలల ముందు, అక్టోబరులో, కంటివైద్యుడు డోరీన్ చేతిలోని కారు తాళములను లాగికొనలేదు గాని, లాగికొన్నంత పని చేసెను. ఆమె చూపునకు నడుమ మసక కమ్మినది. అంచులు బాగున్నవి. కాలిక్రింది బాట కనబడును, దూరపు ముఖము కనబడదు. నడచుటకు ఇది చాలును, కారు నడుపుటకు చాలదు. సంఘము వారి నడకలన్నియు ఏదో ఒక కొండ క్రింది కారు పార్కింగున మొదలై అచ్చటనే ముగియును. కావున నాటినుండి డోరీన్ ప్రతి గురువారమును బ్రెండా కారులో, వెనుక సీటున, బ్రెండా కుక్క ప్రక్కన ప్రయాణించెను. కిటికీ కుక్కది. ఎక్కించుకొన్నందుకు ప్రొద్దున ఒక థాంక్స్, దింపినందుకు సాయంకాలము ఒక థాంక్స్. బ్రెండా మంచిది, కుక్కయు మంచిదే. అయినను ముప్పదియొక్క సంవత్సరములు ఇతరుల పళ్లెము నింపిన మనిషికి ప్రతి వారమును తన పళ్లెము పట్టుకొని నిలుచుట కష్టమాయెను. జనవరిలో రెండు గురువారములు తలనొప్పి యని చెప్పి ఇంటనే యుండెను. తలనొప్పి లేదు.

ఫిబ్రవరిలో ఆమె లేచి, నెలకొక నడక బస్సు దిగి మొదలుపెట్టి బస్సెక్కి ముగింపవలెనని ప్రతిపాదించెను. అప్పుడు లేచెను క్లిఫర్డ్ ఓల్డ్‌రాయిడ్. సంఘ కార్యదర్శి, పదవీవిరమణ చేసిన భూముల సర్వేయరు, వయస్సు డెబ్బదియొకటి, కాలపాలనాధురంధరుడు, పటవిద్యాపారంగతుడు, లేమినేటు చేసిన కాగితము లేనిదే గడప దాటనివాడు. ఆయన ఇట్లు పలికెను:

"సభ్యులారా! కారు మనకై నిలుచును. బస్సునకై మనము నిలువవలెను. వర్షార్ద్రవస్త్రులమై, శీతవాతకంపితగాత్రులమై, కాలపట్టికలోని చిన్న అక్షరములను వేలితో తడవుచు, రానిదానికై వేచి, వచ్చినదానిని తప్పించుకొని, అన్యగ్రామమున ఆశ్రయము వేడు దుర్గతి మన సంఘమునకు కలుగనిత్తునా? కలుగనీయను!"

నిజము చెప్పవలెను. ఆయన నోటితో అన్నది "బస్సుల్ని నమ్మలేం కదండీ" అని మాత్రమే. మిగిలినది ఆయన కనుబొమలు చెప్పినవి.

"బిస్కెట్ల డబ్బా ఇటు తొయ్యి క్లిఫర్డ్, ఎంతసేపని నీ ముందే పెట్టుకుంటావ్," అని బ్రెండా అనెను.

డోరీన్ మాత్రము కూర్చుండలేదు. "నాకు కాళ్లున్నాయి, ఊరికి బస్సుంది. ఒక్కసారి చూడండి. కుదరకపోతే మళ్లీ అడగను," అనెను.

ఒక్కసారికి సభ ఒప్పుకొనెను. షరతు క్లిఫర్డ్ వ్రాసెను, లేమినేటు చేయించెను: బయలుదేరినవారందరును, ఒక్కరును తగ్గకుండ, చివరి బస్సున తిరిగి రావలెను. ఒక్కరు టాక్సీ పిలిచినను తీర్మానము వీగినట్లే. వీగినచో డోరీన్ మరల కుక్క ప్రక్కకు పోవును, లేదా తలనొప్పి తెచ్చుకొనును.

అదిగో ఆ ఒక్కసారి నేడే.

సేన కొండ దిగసాగెను. ముందు డోరీన్, నడుమ ఏడుగురు, అందరికంటె వెనుక క్లిఫర్డ్. ఆ చివరి చోటు చిన్నది గాదు. వెనుక నడచువాడు గేట్లు మూయవలెను, ఎవరును తప్పిపోకుండ చూడవలెను. ఆ పదవిని డోరీన్ ఆయనకు ప్రొద్దుననే గౌరవపూర్వకముగా కట్టబెట్టెను. అసలు కారణము వేఱు. ముందు నడిచినచో ఆయన ప్రతి గోడకడ నిలిచి పటము విప్పును. ఆమె చేసిన తప్పు ఇది ఒక్కటియే. ఎంత తప్పో ఆమెకు తెలియుటకు ఇంకను ఇరువది నిమిషములు పట్టెను.

నాలుగు గంటల ఐదు నిమిషములకు సేన షెల్టరు చేరెను. డోరీన్ ఊతకఱ్ఱ కొనతో ఒక్కొక్క బూటును తాకి లెక్కించెను. ఎనిమిదిమంది. మరల లెక్కించెను. ఎనిమిదిమందియే.

"నిన్ను నువ్వు లెక్కేసుకున్నావా?" అని బ్రెండా అడిగెను.

"వేసుకున్నాను."

"రెండుసార్లు వేసుకున్నావేమో."

"అలా అయితే ఎక్కువ రావాలి కదే, తక్కువెందుకొస్తుంది?"

సేనయందు ఎర్నెస్ట్ అను వృద్ధుడు కలడు. ఎనుబదియొక్క సంవత్సరములవాడు, పక్షులను చూచుటకు మెడలో బైనాక్యులర్లు వ్రేలాడదీసికొని తిరుగువాడు. అతడు షెల్టరు బెంచీ యెక్కి కొండవైపు చూచెను. డోరీన్ అతని మోకాలికడ నిలిచి తల యెత్తెను. ఆమె కన్నులకు ఆ వాలు అంతయు ఒక ఆకుపచ్చ మరక.

"కనబడ్డాడు," అనెను ఎర్నెస్ట్.

"ఎక్కడున్నాడు?"

"పై గేటు దగ్గర."

"ఏం చేస్తున్నాడు అక్కడ?"

"పట్టుకున్నాడు."

"ఏం పట్టుకున్నాడయ్యా?"

"గేటే."

ఆ గేటు స్ప్రింగు గేటు. పట్టుకొననిచో తనంత తానే మూసికొనును. అట్టి గేట్లకు ఆ సీమలో ఒక ధర్మము కలదు. ఏ చట్టమునందును వ్రాయబడలేదు, ఏ బడియందును చెప్పబడదు, అయినను దానిని మీరినవానిని ఎవరును ఎఱుగరు: వెనుక వచ్చు మనిషి పది అడుగుల లోపల నున్నచో గేటు పట్టుకొని నిలువవలెను. ఎదురు వచ్చు మనిషియైనను అంతియే. ఆ మనిషి థాంక్స్ చెప్పును, పట్టుకొన్నవాడు పరవాలేదనును, లోకము నిలుచును.

క్లిఫర్డ్ ఈ ధర్మమునకు కట్టుబడి, ఎదురుగా కొండ యెక్కివచ్చు ఒక లీడ్స్ నగర స్త్రీకై గేటు పట్టెను. ఆమె దాటెను. ఆమె వెనుక ఎనిమిది అడుగుల దూరమున ఆమె భర్త. అతని వెనుక తొమ్మిది అడుగులలో వారి పొరుగింటివాడు. లీడ్స్‌నుండి రెండు అద్దె బస్సులలో వచ్చిన ఆ పాదచారిసైన్యము, నలుబదిముగ్గురు మనుష్యులు, నీలాంబరధారులు, పీతవర్షకంచుకులు, కంఠలంబమానపటసంపుటులు, ఆ ఇరుకుబాటను ఒకరి వెనుక ఒకరుగా, ఒక్కొక్కరి నడుమను పదికి మించని అడుగులతో, తెగని దారమువలె సాగివచ్చుచుండెను. విడుచుటకు సందు లేదు. నలుబదిమూడు మారులు క్లిఫర్డ్ తలయూపవలెను. నలుబదిమూడు మారులు పరవాలేదనవలెను.

"ఎంతమంది ఉన్నారింకా?" అనెను డోరీన్.

"ఇప్పుడు ఇరవయ్యారో మనిషి. ఇరవయ్యేడు. ఇదుగో ఇరవైయెనిమిదో ఆవిడ ఆగింది, ఏదో మాట్లాడుతోంది. పటం చూపిస్తోంది."

"దేవుడా. పటం వద్దు. ఆయనకి పటం చూపించొద్దు!"

"జేబులోంచి తన పటం తీశాడు."

డోరీన్ షెల్టరు గోడకు నుదురు ఆనించెను.

ఫోను చేసి చూచిరి. క్లిఫర్డ్ తన ఫోనును బ్యాటరీ తఱుగకుండుటకై ఆపివేసి, తడియకుండుటకై ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఆపదకై బ్యాగు అడుగున ఉంచువాడు. పిమ్మట ఎనిమిదిమందియు కలిసి అఱచిరి. కొండలు ప్రతిధ్వనించునట్లు, గొఱ్ఱెలు తల యెత్తునట్లు, ఎనిమిది కంఠములు ఏకమై గర్జించినవి: "కాస్త క్షమించాలి క్లిఫర్డ్!" గాలి ఎదురుగాలి. క్షమాపణ షెల్టరు దాటలేదు.

నాలుగూ పదియయ్యెను.

"అయిపోయినట్టుంది," అనెను ఎర్నెస్ట్. "కాదు, కుక్క ఉంది. కుక్క కోసం పట్టుకున్నాడు. దానికీ ఏదో చెబుతున్నాడు. గేటు మూశాడు. గడియ చూశాడు. మళ్లీ చూశాడు. వస్తున్నాడు."

"పరుగెత్తుతున్నాడా?"

"అనుకుంటున్నాను. క్లిఫర్డ్ పరుగెత్తడం నేనెన్నడూ చూళ్లేదమ్మా, పోల్చుకోవడం కష్టంగా ఉంది."

పై గేటునుండి షెల్టరునకు ఆఱువందల గజములు. ఆయన మోకాళ్లు రెంటిలో ఒకటి ఉక్కుది. ఏడు నిమిషములు పట్టును. బస్సునకు రెండు నిమిషములు కలవు. ఈ బస్సు ఇరువది గురువారములలో పందొమ్మిదిమారులు ఆలస్యముగా వచ్చినదని డోరీన్ పల్లెవారిని అడిగి తెలిసికొని యుండెను. ఆ ఆలస్యమే ఇప్పుడామె ఆశ.

అంతట వంతెనకు ఆవల గేరు మార్చు చప్పుడు వినవచ్చెను. డీజిల్‌ధూమధ్వజము, దీర్ఘహరితకాయము, వర్షబిందుమార్జనీద్వయశోభితము, గ్రామగ్రామవిరామశీలమునగు ఆ మహాశకటము మలుపు తిరిగి, నాలుగు గంటల పన్నెండు నిమిషములకు, ఒక్క క్షణము అటునిటు గాకుండ, ఇరువదియవ గురువారమై వచ్చి షెల్టరు ముందఱ నిలిచెను. తలుపు బుస్సుమని తెఱచికొనెను.

సారథ్యము వహించినది నస్రీన్ అను బ్రాడ్‌ఫర్డ్ స్త్రీ. నలుబదియేండ్లది. చేతిలో స్టీరింగు, ముందఱ గడియారము, గడియారము ప్రక్కన కొడుకు ఫోటో. "ఎక్కండమ్మా, ఎక్కండి, టైముకున్నాం ఇవాళ," అనెను.

డోరీన్ మెట్టుకడకు పోయి నిలిచెను. ఆమె హృదయమున ఇట్టి గర్జన పుట్టెను: "ఓ సారథీ! నిలుపుము నీ రథమును! అదిగో ఆ వాలున వచ్చుచున్నవాడు నాకు మిత్రుడు గాడు, నా ప్రతిపక్షి. వానిని విడిచిపోవుటకు నాకు మనసున్నను, వాడు లేక నా గెలుపు లేదు. ఐదు నిమిషములు! నా మిగిలిన గురువారములన్నిటికి బదులుగా ఐదు నిమిషములు!"

పైకి, "ఒకాయన రావాలండీ, ఏమీ అనుకోకపోతే," అనెను.

"ఎంత దూరంలో ఉన్నాడు?"

"కనబడేంత దూరమే."

నస్రీన్ అద్దము గుండ తొంగిచూచెను. "ఆ చుక్కా? అది గొఱ్ఱె అనుకున్నా. ఆగలేనమ్మా. నాలుగూ యాభై రైలుకి వెళ్లేవాళ్లున్నారు లోపల. మీరెక్కండి."

"నా బఠాణీలు కరిగిపోతున్నాయి," అని లోపలినుండి ఒక కంఠము. మూడవ సీటున, ఒడిలో మంచుబఠాణీల సంచితో, ఒక రైతు ఇల్లాలు.

సరిగ్గా ఆ సమయమున డోరీన్ వెనుక ఒక సంభాషణ నడచెను. అది నేర్చి చేసినది గాదు. ఆ సీమలో ఇద్దరు మనుష్యులును ఒక తలుపును కలిసినప్పుడు నడచునదే.

"మీరెక్కండి బ్రెండా."

"అయ్యో, మీరెక్కండి ఎర్నెస్ట్."

"లేదు లేదు, ఆడవాళ్లు ముందు."

"పెద్దవాళ్లు ముందు."

"నా బ్యాగు పెద్దది, అడ్డమవుతుంది. మీరే."

ఒక్క మెట్టు, ఇద్దరు మనుష్యులు, పదునొకండు క్షణములు. డోరీన్ వెనుదిరిగి చూచెను. ఏడుగురు కలరు. వారిలో ఏ యొక్కరును జన్మలో ఒకరిని త్రోసికొని ముందు ఎక్కియుండలేదు. పై గేటుకడ ఆమెను ముంచిన మర్యాద ఇచ్చట ఆమెకు దళముగా నిలిచి యున్నది. ఆజ్ఞ ఒక్కటియే కొఱత.

"ఎవరూ తొందరపడకండి," అని ఆమె మెల్లగా అనెను. "ఒకళ్లనొకళ్లు చూసుకుని ఎక్కండి."

సేన గ్రహించెను. అంతట చెలరేగెను మర్యాదాసంగ్రామము! మీరనిన మీరనుచు, మీరే యనిన కాదు మీరే యనుచు, వినయమున వినయమును ఢీకొట్టుచు, నమస్కారప్రతినమస్కారశరపరంపరల మెట్టును కప్పివేయుచు, కాలు మోపియు వెనుకకు తీయుచు, తీసియు మోపుచు, ఎనిమిదిమంది పెద్దమనుష్యులు ఒక్క తలుపుకడ ఒక నిమిషము ఇరువది క్షణములు నిలిచి ఒక్కరును లోపలికి పోరైరి.

"ఏంటమ్మా ఇది, పెళ్లి ఊరేగింపా?" అనెను నస్రీన్. "ఎవరో ఒకళ్లు ఎక్కండి!"

ఎర్నెస్ట్ ఎక్కబోయి అద్దముపై అంటించిన నోటీసు చూచెను. ఆ కంటికి మూడువందల గజముల దూరమున పిట్ట ముక్కు రంగు తెలియును. "బురద బూట్లతో ఎక్కరాదు," అని పెద్దగా చదివెను. "నిజమే. తప్పు కదూ."

పాదచారుల ప్రతి జేబునందును రెండు ప్లాస్టిక్ సంచులుండును. బురద బూట్లపై తొడుగుకొనుటకు. పదునాఱు సంచులు గాలిలో రెపరెపలాడినవి. పదునాఱు బూట్లు సంచులలోనికి దూరినవి. ముడులు వేసిరి, విప్పిరి, మరల వేసిరి. ఎర్నెస్ట్ ఎడమ సంచిని కుడికాలికి తొడిగినట్లు చెప్పి మార్చుకొనెను. సంచికి కుడియెడమలు లేవని ఎవరును అనలేదు.

"ఆ సంచులకి ఎన్ని ముళ్లేస్తారు?" అనెను నస్రీన్.

"రెండు," అనెను బ్రెండా. "నాకు బొబ్బ ఉందమ్మా. మూడు."

"నా బఠాణీలు," అనెను మూడవ సీటు.

"ఉడికించుకుని తింటారుగా ఎలాగూ?" అనెను బ్రెండా.

అయినను సంచులకు ముడులు తీరును. ఏడుగురు ఎక్కిరి, ఏడు పాసులు మిషనుపై కీచుమనినవి. నాలుగూ పదునైదు. మెట్టుపై ఒక కాలు, నేలపై ఒక కాలు, డోరీన్ ఒక్కతెయే మిగిలెను. బాటమీద క్లిఫర్డ్ ఇంకను రెండువందల గజముల దూరమున నుండెను.

నస్రీన్ చేయి తలుపు మీటపైకి పోయెను. "అమ్మా, నీకు దణ్ణం పెడతా. ఎక్కు. లేకపోతే దిగు."

అప్పుడు డోరీన్ నోటినుండి వచ్చిన మాట యార్క్‌షైర్ సీమలో ఏ పెద్దావిడ నోటినుండియు, యూనిఫారము వేసికొన్న మనిషి యెదుట, ముందు ఒక "సారీ", వెనుక ఒక "సారీ" లేకుండ వచ్చియుండదు.

"ఎక్కను," అనెను.

బస్సులోని తలలన్నియు అటు తిరిగినవి. బఠాణీలు సైతము కరుగుట మానినవి.

"ఏమన్నావమ్మా?"

"ఎక్కను. దిగను. ఆయన వచ్చేదాకా ఇక్కడే నిలబడతాను."

ఒక క్షణము గడచెను. రెండు. మూడు. బ్రెండా నోటిపై చేయి పెట్టుకొనెను. నాలుగు.

"సారీ," అనెను డోరీన్.

నస్రీన్ ఆమెను తలనుండి సంచులదాక చూచెను. "ఆయన మీవారా?"

"ఛీ, కాదు."

"మరి ఎందుకమ్మా ఇంత?"

"ఆయన ఈ బస్సు ఎక్కకపోతే నేనింకెప్పుడూ బస్సులో నడకకి రాలేను. నాకు కళ్లు సరిగ్గా కనబడవు. కారు లేదు. పెద్ద కథ, ఇప్పుడు చెప్పేంత టైము లేదు."

"టైము లేదని నువ్వు నాకు చెబుతున్నావా?" అని నస్రీన్ మీటపైనుండి చేయి తీసెను. "రెండు నిమిషాలు. రైలు సంగతి నేను దారిలో చూసుకుంటా. రెండంటే రెండే."

ఆఱుగురు పాత ప్రయాణికులు, ఏడుగురు క్రొత్తవారు, అందఱును ఎడమ కిటికీలకు చేరిరి. ఎర్నెస్ట్ అద్దమునకు బైనాక్యులర్లు ఆనించి చెప్పసాగెను. ఈ దూరమునకు వాని అవసరము లేకున్నను. క్లిఫర్డ్ ముఖము ఎఱ్ఱబడెను, టోపీ చేతికి వచ్చెను, పటము మెడచుట్టు తిరిగి వీపున కొట్టుకొనుచుండెను. ఉక్కు మోకాలు ముందు, ఎముక మోకాలు వెనుక, ఆయన వచ్చుచుండెను. నూఱు గజములు. ఎనుబది.

రోడ్డునకు అంచున కట్టకడపటి గేటు. అదియు స్ప్రింగు గేటే. క్లిఫర్డ్ దానిని లాగి తెఱచి ఇవతలికి వచ్చెను. వచ్చి, అలవాటున, వెనుదిరిగి చూచెను.

వెనుక, ప్రక్క పొలమునుండి బాటమీదికి వచ్చిన ఒక మనిషి. అపరిచితుడు. రెండు చేతులతో కోడిగ్రుడ్ల అట్టలు పట్టుకొని వచ్చుచుండెను. ఏడు అడుగుల దూరము.

క్లిఫర్డ్ గేటు పట్టుకొని ఆగిపోయెను.

"వదిలెయ్!" అని బ్రెండా కిటికీ సందునుండి అఱచెను.

"వదిలెయ్ క్లిఫర్డ్!"

"వదలవయ్యా బాబూ!" ఇది నస్రీన్.

"వదులు, దరిద్రుడా! నా బఠాణీలు!" ఇది మూడవ సీటు, అందఱికంటె పెద్ద గొంతు ఈమెదే.

ఒకప్రక్క డెబ్బదియొక్క సంవత్సరముల నడవడి, ఒకప్రక్క బస్సు. గ్రుడ్ల మనిషి ఐదు అడుగులలోనికి వచ్చెను. థాంక్స్ చెప్పుటకు నోరు తెఱచెను. క్లిఫర్డ్ కన్నులు మూసికొనెను. చేయి తీసివేసెను. గేటు ఠప్పుమనెను.

ఆ చప్పుడునకు మూడు గొఱ్ఱెలు పరుగెత్తినవి. బస్సులో కేకలు మిన్నంటినవి.

ఆయన వచ్చి మెట్టుకడ నిలిచి, ఊపిరి అందక, వంగి, జేబునుండి రెండు ప్లాస్టిక్ సంచులు తీసి, ఒకదానిని విప్పసాగెను.

"సంచులొద్దు!" అని నస్రీన్ అఱచెను. "బురదతోనే ఎక్కు నాయనా, బస్సంతా నీదే, ఎక్కు!"

క్లిఫర్డ్ ఎక్కెను. వెనుక డోరీన్ రెండవ కాలు మెట్టుపై మోపెను. తలుపు మూసికొనెను.

బ్యాగులును ఊతకఱ్ఱలును ఆక్రమింపగా మిగిలిన సీటు డోరీన్ ప్రక్కనిది ఒక్కటియే. రెండు మైళ్ల దూరము ఆయన ఊపిరి తీయుటకే సరిపోయెను. పిమ్మట ఇట్లనెను:

"నన్నొదిలేసి వెళ్లిపోతే నా మాటే నెగ్గేది."

"తెలుసు. అందుకే ఆపాను. మీమీద బెంగతో అనుకున్నారా?"

ఆయన కిటికీవైపు చూచెను. "రెండు చేతులా గుడ్లున్నాయి ఆ మనిషికి. థాంక్స్ చెప్పబోయాడు. చెప్పనియ్యలేదు నేను."

"నేను డ్రైవరమ్మతో ఎక్కనన్నాను. సారీ లేకుండా."

క్లిఫర్డ్ తల త్రిప్పి ఆమెను చూచెను. "బొత్తిగా లేకుండానా?"

"నాలుగు సెకన్లు."

బస్సు ఒక వంతెన దాటెను, ఒక పల్లెలో బఠాణీల ఇల్లాలిని దింపెను. దిగుచు ఆమె సంచి నొక్కి చూచి, "ఇంకా గట్టిగానే ఉన్నాయిలే," అని ఎవరికో చెప్పి పోయెను. క్లిఫర్డ్ కార్యదర్శి పుస్తకము తీసి, కలము మూత విప్పి, వ్రాసెను.

"చదవండి, నాకు కనబడదు," అనెను డోరీన్.

"బయలుదేరినవారు తొమ్మండుగురు. చివరి బస్సున తిరిగివచ్చినవారు తొమ్మండుగురు. తీర్మానము నెగ్గినది." కలము మూత పెట్టెను. "జూన్‌లో ఏ బస్సు?"

"తొమ్మిదీ ముప్ఫైయైదు. ఎగువ లోయకి."

"వెనకాల ఎవరు నడుస్తారు?"

"మీరు కాదు."

బస్సు నాలుగు గంటల నలుబదితొమ్మిది నిమిషములకు స్టేషను చేరెను. రైలు ఎక్కవలసినవారు ముగ్గురు. ముగ్గురును ఎక్కిరి, ఒకరు పరుగెత్తి.

ఈ గాథ చదివినవారికి పుణ్యము కలుగునని చెప్పుటకు ఆధారములు దొరకలేదు. బస్సు దొరకునని అసలే చెప్పజాలము. దొరికిన సమాచారము ఇంతయే: గ్రెట్‌బెక్ షెల్టరుకడ బస్సులు ఆలస్యమగుట క్రొత్త గాదు, వానకు, వంతెనకు, గొఱ్ఱెలకు అగుచునే యున్నవి. ఒక మనిషి ఆగుమనినందులకు, ఆగినది ఇదియే మొదలు. కావున కోల్డ్‌రిగ్ కొండకును, అచ్చటి గోడలన్నిటికిని, గ్రుడ్ల మనిషి యెక్కడ నున్నను అతనికిని, ఇందుమూలముగా చాటడమైనది: మే పదునాలుగు, గురువారము, నాలుగు గంటల పదునేడు నిమిషములకు, ఐదు నిమిషములు ఆలస్యముగా, బస్సు కదలినది. జయము డోరీన్ మెట్కాఫ్‌ది.